రౌడీషీటు మూయించడం ఎలా: కాగితం వెంట కాగితం

రౌడీషీటు తెరవడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. స్టేషన్ నుంచి ప్రతిపాదన వెళ్తుంది, పైఅధికారి సంతకం పెడతాడు, ఆ రోజు నుంచి ఆ మనిషి ‘షీటర్’. చాలామందికి సంగతి తెలిసేది పండగ ముందో, ఎన్నికల ముందో కానిస్టేబుల్ ఇంటికొచ్చి ‘సార్ రమ్మంటున్నారు’ అన్నప్పుడే. కాగితం చేతికి ఇవ్వరు కాబట్టి దేని మీద పోరాడాలో కూడా తెలియదు.

షీటు ఎవరి మీద పడుతుందన్నది నేరం ఒక్కదాన్ని బట్టే తేలదు. ఒకే రకం కొట్లాట అపార్టుమెంటులో జరిగితే అసోసియేషన్ పెద్దలు కూర్చోబెట్టి సర్దుతారు. స్టేషన్ దాకా పోయినా వెంట వకీలు ఉంటాడు, కేసు అయినా హైకోర్టులో కొట్టేయించుకుంటారు. అదే బస్తీలో జరిగితే ఎఫ్ఐఆర్, అరెస్టు, జామీనుదారులు దొరక్క రిమాండులో కొన్ని వారాలు. చివరికి ‘ఒప్పేసుకో, ఫైనుతో పోతుంది’ అని ఎవరో చెబితే ఒప్పేసుకుంటాడు. మరుసటి ఏడు ఇంకో పెట్టీ కేసు, మళ్లీ అదే సలహా. మొదటివాడి పేరున రికార్డులో ఏమీ మిగలదు. రెండోవాడి పేరున ‘నేరాలు చేయడం అలవాటు’ అని రాయడానికి సరిపడా కాగితాలు పోగవుతాయి. షీటు మూయించడమంటే ఆ వరసలో వెనక్కి వెళ్లి ఒక్కో కాగితాన్నీ తేల్చడం. ఇది ఓపిక పని, పెద్ద ఖర్చు పని కాదు.

ముందు ఏ షీటో తెలుసుకోండి

స్టేషన్లలో నడిచే షీట్లు ఒకటి కాదు. కొట్లాటలు, బెదిరింపులు, శాంతిభద్రతల విషయాలకు రౌడీషీటు. దొంగతనం లాంటి ఆస్తి నేరాల అనుమానానికి సస్పెక్ట్ షీటు. ఇవి కాక కేడీ షీటు, డీసీ షీటు అన్న పేర్లు కూడా వినిపిస్తాయి. అన్నిటినీ జనం ‘రౌడీషీటు’ అనే అంటారు. అర్జీలో కూడా అలాగే రాస్తే ‘ఆ పేరున మా దగ్గర రౌడీషీటు లేదు’ అని నిజమే చెప్పి పంపేస్తారు. అందుకే అర్జీలో ‘రౌడీషీటు, సస్పెక్ట్ షీటు లేదా మరే ఇతర హిస్టరీ షీటు అయినా’ అని రాయండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఆధారం ఉమ్మడి రాష్ట్రం నాటి పోలీసు మాన్యువల్. అందులో 601వ స్టాండింగ్ ఆర్డర్ రౌడీ అంటే ఎవరో చెబుతుంది, 602 షీటు ఎంతకాలం ఉంచాలో చెబుతుంది. పాత హైకోర్టు తీర్పుల్లో ఇదే 742 అనే నంబరుతో కనిపిస్తుంది. అది వేరే విషయం అనుకుని ఆ తీర్పులను పక్కన పడేయొద్దు.

601లో గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. షీటు తెరవడానికి ఎస్పీ లేదా డీసీపీ, లేదంటే ఎస్‌డీపీఓ లేదా ఏసీపీ ఆదేశం ఉండాలి. ఈ చివరి ఇద్దరూ డీఎస్పీ స్థాయి అధికారులు. ఎస్సై సొంతంగా తెరవడానికి లేదు. మొదటి క్లాజు శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలను ‘అలవాటుగా’ చేసేవాళ్ల గురించి. ఆడపిల్లలను అలవాటుగా వేధించేవాళ్లు, వ్యాపారుల దగ్గర బెదిరించి వసూళ్లు చేసేవాళ్లు, మత, కుల గొడవలు రెచ్చగొట్టేవాళ్లు, పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద 6 నెలలు అంతకన్నా ఎక్కువ నిర్బంధంలో ఉన్నవాళ్లు వేరే క్లాజుల్లో వస్తారు. పేదవాళ్లకు తెలియకుండా ఉచ్చు బిగించే క్లాజు ఇంకొకటి ఉంది. హైదరాబాద్ నగర పోలీసు చట్టం 59, 70 సెక్షన్ల కింద, లేదా టౌన్స్ న్యూసెన్స్ చట్టం 3వ సెక్షను 12వ క్లాజు కింద వరసగా రెండేళ్లలో ఒకటి కన్నా ఎక్కువసార్లు శిక్ష పడితే చాలు. ఇవి పెట్టీ కేసులు. తాగి రోడ్డు మీద గొడవ చేశాడన్న కేసులో ఫైను కట్టి బయటపడ్డ కూలీకి, ఆ రసీదు రౌడీషీటుకు పునాది అవుతుందని చెప్పేవాళ్లు కోర్టు ఆవరణలో ఎవరూ ఉండరు. బైండోవర్ అయినవాళ్లు, అంటే గొడవ చేయనని అధికారి ముందు బాండ్ రాసిచ్చినవాళ్లు కూడా ఈ జాబితాలో ఉన్నారు. దాని సంగతి కింద చూద్దాం.

కేసుల పట్టిక

అర్జీ కన్నా ముందు ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి. ఒక్కో కేసుకు ఒక్కో వరస: స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సంవత్సరం, సెక్షన్లు, కోర్టు పేరు, సీసీ (కేలండర్ కేసు) లేదా ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు, ఏమైంది, ఏ తేదీన. ‘ఏమైంది’ అన్న గడి అసలైనది. నిర్దోషి అని విడుదల, రాజీ, హైకోర్టు కొట్టేసింది, చార్జిషీటు వేయకుండా మూసేశారు, శిక్ష, పెండింగ్. ఈ ఆరింట్లో ఏదో ఒకటి స్పష్టంగా రాయాలి. కేసు స్థితి ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరుతోనూ, ఎఫ్ఐఆర్ నంబరుతోనూ వెతకొచ్చు. పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా మార్చి చూడండి.

విడుదలైన ప్రతి కేసు తీర్పుకూ సర్టిఫైడ్ కాపీ తీయించండి. జిరాక్సు చాలదు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) కాపీ తీసుకోండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పెండింగ్ కేసును దాచడం. పోలీసులు కోర్టుకు ఇచ్చే జవాబులో (కౌంటరులో) అది ఎలాగూ బయటపడుతుంది. అప్పుడు మిగిలిన నిజాలకు కూడా విలువ పోతుంది. ఒక్క పెండింగ్ కేసు మీద ‘అలవాటు’ నిలబడదని వాదించడం దాచడం కన్నా ఎంతో నయం. 1984లో విజయ్ నారాయణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ‘అలవాటుగా’ అంటే పదేపదే, ఒకదానికొకటి దారం కలిసేలా చేయడం అని వివరించింది. ఎక్కడో ఒకటి, ఎప్పుడో ఒకటి అయితే కుదరదు. మన హైకోర్టు రౌడీషీట్లు కొట్టేసిన తీర్పులు చాలావాటికి ఈ వాదనే వెన్నెముక.

సమాచార హక్కు దరఖాస్తు

షీటు నకలు ఇవ్వండి అని అడిగితే రహస్యం అని తిప్పి పంపుతారు. ఆ మాటకు కొంత చట్టబలం ఉంది కూడా. కాబట్టి నకలు కాకుండా వివరాలు అడగండి:

1. నా పేరున ఏదైనా హిస్టరీ షీటు ఉందా, ఏ రకం, ఏ తేదీన తెరిచారు.
2. ఏ అధికారి, ఏ నంబరు ఆదేశంతో, 601లోని ఏ క్లాజు కింద.
3. దానికి ఆధారమైన క్రైమ్ నంబర్లు.
4. తెరిచిన నాటి నుంచి ఏటా కొనసాగింపు ఆదేశం ఇచ్చిన అధికారి హోదా, తేదీ.

నాలుగో ప్రశ్నకు చాలా స్టేషన్లలో సరైన జవాబు ఉండదు. 602 ప్రకారం షీటు ఆ ఏడు డిసెంబరు చివరి దాకానే. తర్వాత ఉంచాలా తీసేయాలా అన్నదానికి గెజిటెడ్ అధికారి ఆదేశం తీసుకోవాలి. తెరిపించింది ఒక ఎస్సై, అతను బదిలీ అయిపోయాడు, తర్వాత వచ్చినవాళ్లు రిజిస్టరు అలాగే తిప్పుకుంటూ పోయారు అన్నదే మామూలుగా నడిచే కథ. ఏటేటా ఆదేశాలు లేవని జవాబు వస్తే, హైకోర్టులో వేసే రిట్‌లో మీకు అంతకన్నా మంచి కాగితం దొరకదు.

దరఖాస్తు ఎస్పీ లేదా కమిషనర్ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి పంపండి. రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే నకలు జతచేసి ఉచితం. జవాబుకు 30 రోజులు. రాకపోయినా, తిరస్కరించినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దాకా పోతే కాలం చాలా పడుతుంది. కనుక మొదటి అప్పీలు వేసి, దాని జవాబు కోసం ఆగకుండా కింది పని మొదలుపెట్టండి.

అర్జీ

ఎస్పీ లేదా పోలీస్ కమిషనర్ పేరున రాయాలి. ఒక ప్రతి ఎస్‌డీపీఓ లేదా ఏసీపీకి. రెండు పేజీలు మించొద్దు. మంచితనం గురించి పేరాలు రాయకండి. చదివే అధికారికి కావాల్సింది కేసుల పట్టిక, దానికి తగిలే నిబంధన. మాటలు ఇలా ఉంటే చాలు:

‘నా పేరున ఫలానా స్టేషన్‌లో రౌడీషీటు/సస్పెక్ట్ షీటు/ఇతర హిస్టరీ షీటు నడుస్తున్నట్టు తెలిసింది. నా మీద నమోదైన కేసులు, వాటి ఫలితాలు జతచేసిన పట్టికలో ఉన్నాయి. ఫలానా తేదీ తర్వాత నా మీద ఏ కేసూ లేదు. 601వ స్టాండింగ్ ఆర్డర్‌లోని ఏ క్లాజు కిందికీ నేను రాను. 602 ప్రకారం సమీక్షించి షీటు మూసివేయాలని, తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.’

చివరి వాక్యం తప్పనిసరి. ‘కారణాలతో’ అన్న మాట లేకపోతే మౌనమే జవాబవుతుంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ఫిర్యాదుల రోజున ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. పోస్టులో పంపితే చేరినట్టు రుజువు దాచండి.

ఒక్క వాదన మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు: ‘నాకు నోటీసు ఇవ్వకుండా షీటు తెరిచారు.’ నిఘా రిజిస్టరులో పేరు ఎక్కించే ముందు ఆ మనిషి వాదన వినాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 1980లో మలక్ సింగ్ కేసులో చెప్పింది. అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. పేరు ఎక్కించడానికి సహేతుకమైన నమ్మకం ఉండాలి, నిఘా మనిషి స్వేచ్ఛను నలిపేసేలా ఉండకూడదు, ప్రశ్నిస్తే పోలీసులు ఆధారం చూపాలి. కాబట్టి పద్ధతి మీద కాదు, ఆధారం మీద దెబ్బ కొట్టండి.

పోలీసులు తిప్పి వాడే నిబంధన కూడా ముందే తెలిసి ఉండాలి. అయిదేళ్లుగా కేసు లేదన్నంత మాత్రాన షీటు మూయాల్సిన పని లేదని 602లోనే ఉంది. అతని కార్యకలాపాలు శాంతిభద్రతలకు హాని అయినా, భయంతో బాధితులు ఫిర్యాదుకు రాకపోయినా కొనసాగించవచ్చు. దీనికి జవాబు: ఆ కార్యకలాపాలేమిటి, ఏ రోజు, రిజిస్టరులో ఎక్కడ రాశారు? ‘విశ్వసనీయ సమాచారం’ అన్న రెండు మాటలు తప్ప అక్కడ ఏమీ లేకపోతే ఆ కొనసాగింపు యాంత్రికమని హైకోర్టులో వాదించవచ్చు.

డబ్బిస్తే షీటు తీయిస్తామనే మధ్యవర్తులు ప్రతి స్టేషన్ చుట్టూ ఉంటారు. వాళ్ల ద్వారా ‘మూసిన’ షీటుకు ఆదేశం నంబరు ఉండదు. కొన్నాళ్లు పిలవడం మానేస్తారంతే. కొత్త ఎస్సై రాగానే మళ్లీ కబురు వస్తుంది.

హైకోర్టు రిట్

అర్జీ ఇచ్చి రెండు మూడు నెలలు గడిచినా కదలిక లేకపోతే 226వ అధికరణం కింద రిట్. ప్రతివాదులుగా హోంశాఖ ముఖ్య కార్యదర్శి, ఎస్పీ లేదా కమిషనర్, ఎస్‌డీపీఓ లేదా ఏసీపీ, స్టేషన్ హౌస్ ఆఫీసర్. పట్టిక, తీర్పుల కాపీలు, ఆర్టీఐ జవాబు, అర్జీ రసీదు జతచేయాలి. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగిలినవాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. హైకోర్టు కేసులకు హైకోర్టు న్యాయసేవల కమిటీ వేరుగా ఉంది.

చాలాసార్లు మొదటి విచారణలోనే ‘అర్జీని ఇన్ని వారాల్లో పరిష్కరించండి’ అని రిట్ ముగిసిపోతుంది. నిరాశ పడొద్దు. గడువుతో కూడిన ఆదేశం చేతికొచ్చినట్టే. తిరస్కరిస్తే ఆ కారణాల మీద రెండో రిట్ వేయవచ్చు. ఆ రెండోదే సాధారణంగా తేల్చేస్తుంది.

వకీలుకు రెండు తీర్పులు గుర్తుచేయండి. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బయటపెట్టేది కాదంది. సామాజికంగా, ఆర్థికంగా, విద్యలో వెనుకబడ్డ వర్గాల మీద, ఎస్సీ, ఎస్టీల మీద షీట్లు యాంత్రికంగా తెరుస్తున్న విషయాన్ని సొంతంగా ప్రస్తావించి, ఢిల్లీ తరహా మార్పులు అవసరమో కాదో పరిశీలించమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. పైస్థాయి అధికారి ఎప్పటికప్పుడు షీట్లను సమీక్షించాలని, పిల్లల పేర్లు అందులో ఉండకూడదని కూడా ఉంది. రెండోది 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఉదతు సురేశ్ కేసులో ఇచ్చింది: పోలీసు స్టాండింగ్ ఆర్డర్లకు చట్టం హోదా లేదని, గోప్యత హక్కు దృష్టితో చూస్తే వాటి ఆధారంగా షీట్లు నడపడం కుదరదని. దీన్ని వాడేముందు అప్పీలులో ఏమైందో వకీలు చూసుకోవాలి. తెలంగాణలో ఇది ఒప్పించే తీర్పే తప్ప కట్టడి చేసే తీర్పు కాదు.

షీటు ఉన్నన్నాళ్లూ

రాత్రిపూట ఇళ్లకు వెళ్లి చూసే నిఘాను సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది. అయినా తలుపు తడతారు. వాదనకు దిగకండి. తేదీ, సమయం, వచ్చినవాళ్ల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకే ఒక మెసేజ్ పెట్టినా సమయం రికార్డవుతుంది.

స్టేషన్‌కి రమ్మంటే మర్యాదగా రాతపూర్వక నోటీసు అడగండి. నిందితుడైతే బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) నోటీసు, సాక్షి అయితే 179 నోటీసు. ‘ఆదివారం కౌన్సెలింగ్’ ఈ రెండింట్లోనూ లేదు. నోటీసు లేదంటూ మొండికేస్తే ఏం జరుగుతుందో బస్తీలో అందరికీ తెలుసు. కాబట్టి వెళ్లాల్సి వస్తే ఒంటరిగా వెళ్లకండి. ముందు వకీలుకో, పారాలీగల్ వాలంటీర్‌కో చెప్పి వెళ్లండి. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర మాత్రం వద్దు.

కొత్త కేసులో అరెస్టయితే రిమాండ్ రిపోర్టులో ‘ఇతను రౌడీషీటర్’ అన్న వాక్యం కచ్చితంగా ఉంటుంది. బెయిల్ ఆగేది దాని దగ్గరే. అక్కడ కేసుల పట్టిక పనికొస్తుంది: ఎన్ని కేసులు, ఎన్నింట్లో విడుదల. విచారణలో అయితే నిందితుడి పాత చెడ్డపేరు సాక్ష్యంగా పనికిరాదు, భారతీయ సాక్ష్య అధినియమ్ 49వ సెక్షను ఆ మాటే చెబుతుంది. మంచివాడని మనమే సాక్ష్యం పెడితే మాత్రం ఆ తలుపు తెరుచుకుంటుంది. వకీలుకు ఇది చెప్పి ఉంచండి.

బెయిల్ వచ్చినా ఇంటిపన్ను రసీదు ఉన్న జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోతే, ఏడు రోజుల్లో విడుదల కాని ఖైదీల సంగతి జైలు అధికారులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల దాటితే షరతులు సడలించడాన్ని కోర్టు తనంత తానే పరిశీలించవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం తెచ్చిన పథకంలో విచారణ ఖైదీకి పూచీకత్తు సొమ్ము వస్తుంది. అడిగేవాళ్లు ఉంటేనే వస్తుంది.

ఒప్పేసుకునే ముందు, బాండ్ మీద సంతకం పెట్టే ముందు

కొత్త కాగితం పుట్టకుండా చూడటం పాత కాగితాలను తుడవడం కన్నా తేలిక. దెబ్బలాట, తిట్లు, మామూలు బెదిరింపు (ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ 115(2), 352, 351(2)) రాజీకి వీలున్న నేరాలు. రాజీ కుదిరితే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలతో సమానం. వంద రూపాయల ఫైను కట్టినా అది శిక్షే. ఒప్పుకోక తప్పని పరిస్థితి వస్తే 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3వ సెక్షను కింద మందలించో, 4వ సెక్షను కింద మంచి నడవడిక బాండ్ మీదో వదలమని మేజిస్ట్రేటును అడగండి. ఆ చట్టం 12వ సెక్షను ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత దానికి అంటదు. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

బైండోవర్ సంగతి. బీఎన్ఎస్ఎస్ 126 కింద ఏడాది దాకా, 129 కింద మూడేళ్ల దాకా బాండ్ రాయించుకోవచ్చు. దానికి ముందు 130 కింద రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి: అందిన సమాచారం ఏమిటి, బాండ్ ఎంత, ఎంతకాలం, ఎంతమంది జామీను. తర్వాత విచారణ జరగాలి, అది మొదలైన ఆరు నెలల్లో ముగియాలి. ఆచరణలో పొద్దున పట్టుకెళ్లి, మధ్యాహ్నం తహసీల్దార్ ముందు నిలబెట్టి, అచ్చు ఫారం మీద సంతకం పెట్టిస్తారు. కమిషనరేట్ల పరిధిలో అయితే ఆ అధికారం కూడా పోలీసు శాఖదే. 130 ఆదేశం నకలు అడగండి. ఆరోపణ నిజం కాదని, విచారణ కావాలని రాతగా ఇవ్వండి. బాండ్ మొత్తం మనిషి స్థితికి మించి ఉండకూడదని 136 చెబుతుంది. రోజు కూలీకి లక్ష రూపాయల బాండ్ వేస్తే 414 కింద 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయవచ్చు.

ఎరుకల, యానాది, నక్కల, వడ్డెర కాలనీల్లో

ఇక్కడ ముద్ర మనిషికన్నా ముందే ఊరికి ఉంటుంది. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, నెల్లూరు వైపు కప్పరాళ్లతిప్ప ఆ చట్టం కింద ఏర్పడ్డ సెటిల్‌మెంట్లే. దేశవ్యాప్తంగా చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. దాని స్థానంలోకి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. చుట్టుపక్కల దొంగతనం జరిగితే ఈ కాలనీల్లో కుర్రాళ్లను తీసుకెళ్లడం ఇప్పటికీ అలవాటుగా జరుగుతుంది. ఈ అలవాటుకు మాత్రం ఎవరూ షీటు తెరవరు.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త తెగలవాళ్లను (ఒకప్పుడు నేరస్థ తెగలని ముద్ర వేసినవాళ్లను) ఇష్టానుసారం అరెస్టు చేయకుండా పోలీసులు ముందరి తీర్పుల మార్గదర్శకాలు పాటించాలంది. కాలనీ నుంచి అర్జీ ఇచ్చేటప్పుడు ఆ తేదీ, కేసు పేరు రాయండి. ఎస్సీ, ఎస్టీ మనిషి మీద కావాలని తప్పుడు కేసు పెట్టడం అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(పి) కింద నేరం. అయితే నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు, కేసు తప్పుడుదని చూపగలగాలి. విడుదలైన తీర్పులో జడ్జి ‘తప్పుడు కేసు’ అని రాశారా, ‘అనుమానం మేలు ఇచ్చాం’ అని రాశారా చూసి నిర్ణయించుకోండి. వడ్డెరలు బీసీ-ఏలో ఉన్నారు కాబట్టి ఈ చట్టం వాళ్లకు వర్తించదు.

పద్దెనిమిది నిండకముందు నమోదైన కేసును షీటులో చూపితే, బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రస్తావించి ఆ పద్దు కొట్టేయమనండి. ఒక్కోసారి పట్టిక మొత్తం కూలిపోవడానికి అదే చాలు.

మూసిన తర్వాత

మూసివేత ఆదేశం నంబరు, తేదీ రాతగా తీసుకోండి. ‘మూసేశాంలే, వెళ్లు’ అన్న మాట లెక్కలోకి రాదు. మనిషి ఒకచోట ఉంటూ ఇంకోచోట తిరుగుతుంటే రెండు స్టేషన్లలోనూ షీటు ఉంచవచ్చని 601లో ఉంది. కాబట్టి ఇల్లు మారినవాళ్లు పాత స్టేషన్, కొత్త స్టేషన్ రెంటికీ ఆదేశం నకలు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఉద్యోగ దరఖాస్తు ఫారంలో అడిగేది అరెస్టు, కేసు, శిక్షల గురించి. అడిగిన ప్రశ్నకు అడిగినంత మేరకు నిజం రాయండి. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు తర్వాత చిన్న కేసు ఉండటం కన్నా దాన్ని దాచడమే ఎక్కువ ప్రమాదం. విడుదలైన కేసు పక్కన తీర్పు తేదీ రాసి సర్టిఫైడ్ కాపీ జతచేయండి. అసలు కాపీ ఇంట్లో ఉంచుకుని నకళ్లే ఇవ్వండి. పాత కేసుల ఫైళ్లను కోర్టు రికార్డు గదిలో కొన్నేళ్లకు ధ్వంసం చేస్తారు. ఆ తర్వాత ఎంత తిరిగినా ఇంకో కాపీ రాదు.